మంగళవారపు విషం

"మూడింటికి అరెస్టు చేస్తున్నా. అంతవరకు నీ ఇష్టం, ఎవర్ని కావాలంటే వాళ్ళని ప్రశ్నించుకో," అన్నాడు ఇన్‌స్పెక్టర్ లెస్టర్ మెకాస్కిల్, గోడ గడియారం వైపు గడ్డంతో చూపిస్తూ.

గడియారంలో పదకొండూ నలభై అయింది. 1951 ఏప్రిల్ పంతొమ్మిది, గురువారం.

హెస్టర్ కార్కమ్ చేతి తొడుగులు తీసి కోటు జేబులో పెట్టుకుంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. యుద్ధం జరిగిన ఆరేళ్లూ రేవులో కూర్చుని, ఏ ఓడ ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి లంగరెత్తింది అని చిట్టా రాసింది. యుద్ధం అయిపోయింది కానీ ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు ప్రైవేట్ డిటెక్టివ్. సెయింట్ కాన్వాల్ పిల్లల ఆసుపత్రి కార్యదర్శి నిన్న సాయంత్రం ఫోన్ చేసి, తమ నర్సు ఒక పిల్లకి విషం పెడుతోందని పోలీసులు అంటున్నారనీ, నిజమేమిటో పత్రికలకంటే ముందు తమకు తెలియాలనీ బతిమాలాడు.

"ఎవర్ని అరెస్టు చేస్తున్నావు?"

"ట్రూస్ బుడ్రో. మన సైనికుణ్ణి పెళ్లాడి హాలండ్ నుంచి దిగిన బాపతు. ఆరేళ్ల పిల్ల, నెట్టీ హిల్చీ అని, లాబ్‌స్టర్లు పట్టేవాడి కూతురు. ఆరు వారాల్లో అయిదుసార్లు చావు దాకా వెళ్లొచ్చింది. ప్రతిసారీ మంగళవారమే. మంగళవారం సాయంత్రం ఆ పిల్లకి ట్రే పట్టుకెళ్లేది ఈవిడే. పళ్ళెంలోంచి ఏదో తీసి ఏప్రన్ జేబులో వేసుకోవడం ఆయా రెండుసార్లు చూసింది. వార్డు వంటగదిలో ఎలకల మందు డబ్బా దొరికింది. ఇంకేం కావాలి నీకు?"

"పిల్ల కక్కినదాంట్లో ఎలకల మందు దొరికిందా?"

మెకాస్కిల్ మీసం సవరించుకున్నాడు. "లేబరేటరీ వాళ్ళకి దొరకలేదు."

"అంటే లేదు."

"అంటే ఇంకోటేదో వాడింది. నర్సు కదా, మనకి తెలియనివి నాలుగు తెలుస్తాయి."

"లెస్టర్, విషం పెట్టేవాళ్ళు పళ్ళెంలో ఏదన్నా వేస్తారు. ఈవిడ తీస్తోందంటున్నావు. నీకు వింతగా లేదూ?"

"నీకు అన్నీ వింతగానే ఉంటాయి. అందుకే నీకు ఉద్యోగం లేదు, నాకు ఉంది." తన పరిహాసానికి తానే సంతోషించి, అతను కుర్చీ లాక్కుని వార్డు గుమ్మం దగ్గరే కూలబడ్డాడు.

పన్నెండు పడకల వార్డు అది. పడకల మీద పిల్లలందరిదీ ఒకటే వాలకం. కుండలాంటి పొట్ట, పుల్లల్లాంటి కాళ్ళు, వయసుకు మించిన కళ్ళు. ప్రతి పడక పక్కనా ఒక అరటిపండ్ల గెల వేలాడుతోంది.

డాక్టర్ ఏల్డన్ ప్రింగిల్ వచ్చి చేయి కలిపాడు. బట్టతల, సిరా మరకల వేళ్ళు. ఎనిమిదేళ్లుగా ఈ ఒక్క జబ్బు మీదే పరిశోధన చేస్తున్నాడు.

"దీన్ని సీలియాక్ అంటాం మిస్ కార్కమ్. తిన్నది పేగులు పీల్చుకోవు. నోట్లోంచి వెళ్ళింది వెళ్ళినట్టే బయటికి వచ్చేస్తుంది. పిల్లలు తింటూనే ఆకలితో చచ్చిపోతారు. ఎందుకో ఇంతవరకు ఎవరికీ తెలియదు. అరటిపండ్లు, విరిగిన పాలముద్ద, వెన్న తీసిన పాలు, వీటితో మాత్రం కోలుకుంటారు. కోలుకున్నాక కొద్దికొద్దిగా మామూలు తిండికి తీసుకురావాలి. అది ఎప్పుడు, ఎంత అన్నదే నా పరిశోధన."

"నెట్టీ పట్టికలు చూడొచ్చా?"

అతను గర్వంగా బల్ల మీద పరిచాడు. పిల్ల బరువు రోజుకు రెండుసార్లు, ఔన్సులతో సహా. ఎన్నిసార్లు విరేచనమైంది, ఏ రంగు, ఏ వేళ. వాంతి అయితే గంట, నిమిషం. హెస్టర్‌కు ఆ డాక్టరు మీద ఒక్కసారిగా గౌరవం పుట్టుకొచ్చింది. ఇంత శ్రద్ధగా రాసిన చిట్టా ఆమె రేవులో కూడా చూడలేదు. నోటు పుస్తకం తీసి ఎక్కించుకుంది.

మార్చి 13, మంగళవారం, 5.40. మార్చి 20, 5.15. మార్చి 27, ఏమీ లేదు. ఏప్రిల్ 3, 5.30. ఏప్రిల్ 10, 4.50. ఏప్రిల్ 17, 5.05, స్పృహ తప్పింది.

"పిల్లలకి రాత్రి భోజనం ఎన్నింటికి వస్తుంది?"

"సరిగ్గా అయిదింటికి. ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు."

"అయితే ఏప్రిల్ పదిన పిల్ల ట్రే రాకముందే కక్కింది," అంది హెస్టర్, గుమ్మం దాకా వినపడేలా. "లెస్టర్, ఇది చూశావా?"

"గడియారం వెనకబడి ఉంటుంది," అని అక్కడినుంచే జవాబు వచ్చింది.

"ఏప్రిల్ మూడున ట్రూస్ డ్యూటీలో ఉందా?"

డాక్టరు హాజరు పుస్తకం తిప్పాడు. "లేదు. పన్ను పీకించుకుని ఇంట్లో ఉంది."

"మార్చి ఇరవై ఏడున?"

"ఉంది. పొద్దుటినుంచీ."

"ఆవిడ లేనిరోజు పిల్లకి విషం ఎక్కింది. ఆవిడ ఉన్నరోజు ఎక్కలేదు." హెస్టర్ పెన్సిల్ చెవి వెనక పెట్టుకుంది. "మూడో తారీఖుది ముందురోజే కలిపి వెళ్ళిందనకు లెస్టర్, వినలేను."

మెకాస్కిల్ మళ్ళీ గడియారం చూసుకున్నాడు. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

పన్నెండూ పది. నెట్టీ పడక కిటికీ పక్కన ఉంది. పిల్ల నిద్రపోతోంది, మోచేతికి సెలైన్ గొట్టం. హెస్టర్ ముందు పళ్ళెం చూసింది, నీళ్ల గ్లాసు చూసింది, దిండు కింద చూసింది. తరువాత కిటికీ తలుపు ఎత్తింది. గట్టు మీద నాలుగు సముద్రపు కాకులు కూర్చున్నాయి. తలుపు చప్పుడుకి ఎగిరిపోలేదు సరికదా, ఇంకా దగ్గరికి జరిగి ఆమె చేతులకేసి ఆశగా చూశాయి. మిగతా పదకొండు కిటికీల గట్లూ ఖాళీగా ఉన్నాయి.

చెక్క సందులో పసుపుపచ్చటి పొడి ఇరుక్కుని ఉంది. వేలితో తీసి నలిపింది. ఎండిన రొట్టె పొడి.

ట్రూస్‌ను దుప్పట్ల గదిలో కూర్చోబెట్టారు. ముప్ఫై రెండేళ్లుంటాయి. పొడుగాటి మనిషి. చేతులు ఖాళీగా ఉంచుకోలేక, పోలీసు కాపలాలో కూడా దుప్పట్లు మడతపెడుతోంది.

"నేను పోలీసుని కాదమ్మా," అంది హెస్టర్ తలుపు మూసి. "నెట్టీ కిటికీ దగ్గరికి కాకులు రోజుకి ఎన్నిసార్లు వస్తాయి?"

దుప్పటి మడత ఆగిపోయింది.

"నాలుగుసార్లు," అంది ట్రూస్, దుప్పటి పక్కన పెట్టి. "రస్కు ఇచ్చే వేళలకి."

"ఎప్పటినుంచి?"

"మార్చి ఆరు. డాక్టరుగారు నెట్టీకి రోజుకి నాలుగు రస్కులు మొదలుపెట్టమన్నారు. ఒక్కటి కూడా పిల్ల నోట్లోకి పోనివ్వలేదు నేను. నా డ్యూటీ కానప్పుడు కూడా ఇంకో నర్సుని బతిమాలుకుని నేనే వచ్చి పెట్టేదాన్ని. పెట్టినట్టు నటించి కాకులకి వేసేదాన్ని."

"పన్ను పీకించుకున్న రోజు?"

"బుగ్గ వాచిపోయి కదల్లేకపోయాను. ముందురోజే నెట్టీకి చెప్పి ఉంచాను, దుప్పటి కింద దాచి పెట్టమ్మా అని. మర్నాడు పొద్దున వస్తే నాలుగూ దుప్పటి కింద ఉన్నాయి, పొడిపొడిగా."

"అంత దొంగతనం ఎందుకు?"

ట్రూస్ కూర్చుంది. "మీరు నవ్వుతారు. డాక్టరుగారు నవ్వారు."

"నేను నవ్వను. నాకు కారణాలు పోగేసుకోవడం ఇష్టం."

"యుద్ధం ఆఖరి చలికాలం, హేగ్‌లో పిల్లల వార్డులో ఉన్నాను. జర్మన్లు తిండి రానివ్వలేదు. ఊళ్ళో రొట్టె ముక్క లేదు. తులిప్ పూల దుంపలు ఉడకబెట్టుకుని తిన్నాం. మా వార్డులో ఇలాంటి పొట్టల పిల్లలు నలుగురు. ముందు పోయేది వీళ్ళే అనుకున్నాం. మిగతా పిల్లలందరూ ఎండిపోతున్నారమ్మా, ఈ నలుగురు మాత్రం కోలుకున్నారు! బుగ్గలొచ్చాయి. లేచి పరుగెత్తారు. తర్వాత విమానాల్లోంచి తెల్లరొట్టె పడింది. ఊరంతా ఏడ్చాం సంతోషంతో. వారం తిరక్కుండా ఆ నలుగురికీ మళ్ళీ వాంతులు, మళ్ళీ పొట్టలు." ఆమె గొంతు తగ్గించింది. "నాకు చదువు లేదు. కానీ ఆకలి రోజుల్లో లేనిదేమిటి, తరువాత వచ్చిందేమిటి అని చూస్తే ఒక్కటే. రొట్టె."

"ఇదంతా డాక్టరుగారికి చెప్పారా?"

"చేరిన మొదటి వారంలోనే. 'మిసెస్ బుడ్రో, మీరు థర్మామీటరు చూడండి, సిద్ధాంతాలు నేను చూసుకుంటాను' అన్నారు."

"ఇన్‌స్పెక్టరుకి?"

ట్రూస్ తల అడ్డంగా ఊపింది. "ఏ మొహం పెట్టుకుని చెప్పను? రస్కు పెట్టడం లేదు, అయినా మంగళవారం వచ్చేసరికి పిల్ల పడిపోతోంది. అంటే నా లెక్క తప్పేగా? రొట్టె కాదన్నమాట. ఇంకేదో ఉంది, అది నాకు తెలియదు. ఆరు వారాలు పిల్లని పస్తు పెట్టిన పాపం ఒక్కటే నాకు మిగిలింది."

హెస్టర్ నోటు పుస్తకం తెరిచింది. అబద్ధం చెప్పేవాళ్ళు తమ లెక్క తప్పని తామే ఒప్పుకోరు.

"మంగళవారం నెట్టీ ఏం చేస్తుంది? తిండి సంగతి కాదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా."

"అందరిలాగే. పొద్దున స్నానం, బరువు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా ఆటగది. మిసెస్ ఫేడర్ అనే పెద్దావిడ వచ్చి పిల్లల చేత బొమ్మలు అంటింపిస్తారు."

"నెట్టీ ఆటగదికి ఎప్పటినుంచి వెళ్తోంది?"

"అంతకుముందు మంచం దిగే ఓపిక లేదు. మొదటిసారి..." ట్రూస్ ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. "మార్చి పదమూడు."

"మార్చి ఇరవై ఏడున ఆటగది ఉందా?"

"లేదు. ఈస్టర్ వెళ్ళిన వారం. మిసెస్ ఫేడర్ చెల్లెలింటికి వెళ్లారు."

పన్నెండూ యాభై.

ఆటగది వార్డు చివర ఉన్న చిన్న గది. పొట్టి బల్లలు, మొద్దు మొనల కత్తెరలు, పాత కేటలాగుల కట్ట. మెకాస్కిల్ వెనకాలే వచ్చాడు, నవ్వు ఆపుకుంటూ.

"కత్తెర మింగిందంటావా పిల్ల?"

హెస్టర్ సమాధానం ఇవ్వకుండా అరమీద పిల్లల బొమ్మల పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చూసింది. కుక్కలు, రైళ్ళు, రాణీగారి కిరీటాలు. పేజీలు జిగురు ఎండి అట్టల్లా బిగుసుకుపోయాయి. పిల్లలు జిగురు పూయడంలో పొదుపు పాటించరు.

ఆరో పుస్తకం మీద నెట్టీ అని వంకరటింకర అక్షరాలున్నాయి. తెరవగానే లోపలి బొమ్మలన్నీ జలజలా నేల మీద రాలిపోయాయి.

మెకాస్కిల్ వంగి రెండు ఏరాడు. "కేకు. వేయించిన కోడి. ఇదేమిటి, యాపిల్ పై. అన్నీ తిండి బొమ్మలే. పాపం."

"బొమ్మల వెనక చూడు."

తిప్పాడు. శుభ్రంగా ఉంది. ఒక్క మూల మాత్రం పొడిబారిన చుక్క ఉంది.

"అయిదు వారాలు గంటన్నర చొప్పున అంటించింది," అంది హెస్టర్. "ఒక్కటీ అంటుకోలేదు. మరి దాని వాటా జిగురు ఏమైంది?"

అర మీద మూత పెట్టిన గాజు సీసా ఉంది. సగం ఖాళీ. లోపల తెల్లటి ముద్ద మీద మూడు వేళ్ళతో గీకిన చాళ్ళు, అడుగుదాకా. చిన్న వేళ్ళు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పిప్పరమెంటు వాసన గుప్పుమంది.

ఆమె సీసా చంకన పెట్టుకుని నెట్టీ దగ్గరికి వెళ్ళింది. పిల్ల లేచింది. సీసా చూడగానే దుప్పటి ముక్కుదాకా లాక్కుంది.

"నేను కోప్పడను చిట్టితల్లీ. ఇది ఎలా ఉంటుందో చెప్పు, నాకు తినాలని ఉంది."

దుప్పటి వెనక చాలాసేపు ఆలోచన జరిగింది. "మిసెస్ ఫేడర్‌కి చెప్పరుగా?"

"ఒట్టు."

"తియ్యగా ఉంటుంది ఆంటీ. మిఠాయిలా. మెత్తగా." పిల్ల పెదాలు తడుపుకుంది. "అందరూ కిటికీలోంచి పడవలు చూస్తున్నప్పుడు తింటా. మొన్న చాలా తిన్నా. ఇంకా ఇంకా తిన్నా."

"ఎందుకు తల్లీ, అరటిపండ్లు లేవూ?"

"అరటిపండు చూస్తే ఏడుపొస్తుంది," అంది నెట్టీ. పక్కనున్న గెలకి వీపు తిప్పి పడుకుంది.

మెకాస్కిల్ అటు తిరిగాడు. అతనికీ ఇద్దరు పిల్లలున్నారు.

ఒంటిగంటా ఇరవైకి హెస్టర్ ఆసుపత్రి ఫోన్‌లోంచి మిసెస్ ఫేడర్ ఇంటికి చేసింది. ఆవిడకి వినికిడి తక్కువ. మూడోసారి అరిచాక అర్థమైంది.

"జిగురా? కొనేది కాదమ్మా, నేనే చేస్తా! మంగళవారం పొద్దున్నే పొయ్యి మీద పెట్టి ఉడికిస్తా. మేలిరకం మైదా, నీళ్ళు, ఉండకట్టకుండా కలిపితే చాలు. కాస్త చక్కెర, వాసనకి పిప్పరమెంటు నూనె రెండు చుక్కలు. విషం ఏదీ లేదు సుమా, పసిపిల్లలు తిన్నా ఏం కాదు!"

హెస్టర్ ఫోన్ పెట్టేసి, మైదా అని నోటు పుస్తకంలో రాసుకుంది.

డాక్టరుకు వార్డు రౌండు అయ్యేసరికి రెండు దాటింది. ఆయన గదిలో నలుగురు చేరారు. హెస్టర్ కోరిక మీద ట్రూస్‌ను కూడా పిలిపించారు. సీసా బల్ల మీద ఉంది.

"ఇదిగో మీ మంగళవారపు విషం," అంది హెస్టర్. "మైదా అంటే గోధుమే కదా డాక్టర్? రెండింటికీ మూడున్నరకీ మధ్య పిల్ల దీన్ని తింటుంది. గంటన్నర, రెండు గంటలకి కక్కుతుంది. పదో తారీఖు 4.50కి కక్కిందంటే భోజనానికీ దానికీ సంబంధం లేదు. ఆటగది లేని మంగళవారం ఏమీ కాలేదు. నర్సు లేని మంగళవారం అయింది. ఎక్కువ తిన్న రోజున స్పృహ తప్పింది."

మెకాస్కిల్ సీసా మూత తీసి, వేలు ముంచి, నోట్లో పెట్టుకుని చప్పరించాడు. "బాగానే ఉంది. నాకేం కాలేదు చూడు. హెస్టర్, పిండి తిని ఎవరైనా చస్తారా? ఈ ఊరంతా పొద్దున లేస్తే తినేది అదేగా! జడ్జిగారి ముందు నిలబడి ముద్దాయి పేరు బ్రెడ్డు అని చెప్పమంటావా నన్ను?"

"నీకు కాదు లెస్టర్. ఈ పన్నెండుమందికి."

డాక్టర్ ప్రింగిల్ చిరునవ్వు నవ్వాడు. తెలివైన విద్యార్థి తప్పు చెప్పినప్పుడు నవ్వే నవ్వు. "మిస్ కార్కమ్, మీ సమయాల లెక్క చాలా బాగుంది. కానీ అది నిలవదు. నెట్టీ మార్చి ఆరునుంచి రోజుకి నాలుగు రస్కులు తింటోంది. గోధుమ రస్కులు. తింటూ బరువు పెరిగింది కూడా. మంగళవారం దెబ్బ తగిలినా వారానికి సగటున మూడు ఔన్సులు. గోధుమ విషమైతే రోజూ పడిపోవాలి కదా?"

 ట్రూస్ రెండు చేతులతో ఏప్రన్ అంచు గుప్పిట పట్టుకుంది.

"తినలేదు సార్," అంది.

"ఏమిటి?"

"నెట్టీ ఒక్క రస్కు కూడా తినలేదు. ఆరు వారాల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ నేను కాకులకి వేశాను. తిన్నట్టు పట్టికలో రాసింది నేనే."

డాక్టరు మొహంలో ముందు కోపం వచ్చింది. నుదుటి నరాలు ఉబ్బాయి. "నా పట్టికలో అబద్ధం రాశారా? ఎనిమిదేళ్ల పరిశోధన, మీకు..." అంటూ లేచి, సగంలో ఆగిపోయాడు. కోపం ఎక్కడికి పోయిందో పోయింది. వెనక ఇంకేదో వచ్చింది. బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. నెట్టీ బరువుల పట్టిక దగ్గరికి లాక్కుని, సిరా వేలితో ఒక్కొక్క వారం మీదుగా జరుపుకుంటూ పోయాడు.

"రస్కులు లేకుండా పెరిగింది," అని తనలో తాను అనుకున్నాడు. "రస్కుల వల్ల కాదు. లేకపోవడం వల్ల. జిగురు తిన్న రోజు మాత్రం..." ఆయన తల ఎత్తాడు. "మిసెస్ బుడ్రో. హేగ్‌లో ఆ నలుగురు. విమానాల రొట్టె తిన్న ఎన్నో రోజుకి మొదలైంది?"

"ఒకడికి ఆ పూటే సార్. మిగతావాళ్ళకి మూడు నాలుగు రోజులు."

"ఎవరిమీద కేసు పెట్టాలో ఇప్పుడు చెప్పండి నాకు," అన్నాడు మెకాస్కిల్ విసుగ్గా. కానీ గొంతులో పొద్దుటి ధీమా లేదు.

హెస్టర్ అతని మాట వినిపించుకోలేదు. డాక్టరు చేతులకేసి చూస్తోంది. అవి నెట్టీ పట్టిక వదిలేసి వేరే కాగితాల కట్ట తిరగేస్తున్నాయి. నర్సు పట్టిక దిద్దిందని తెలిస్తే ఏ డాక్టరుకైనా అవమానం. ఇది అవమానం కాదు. భయం.

"డాక్టర్, నెట్టీకి రస్కులు పడ్డాయని మీరు నమ్మారు. నమ్మి ఏం చేశారు?"

ఆయన ఆ కట్టలోంచి మూడు కాగితాలు బయటికి తీశాడు. "ఇదివరకు కోలుకున్న పిల్లల్ని ఏడాది పాటు రొట్టె ముట్టనివ్వకుండా ఉంచేవాణ్ణి. నెట్టీని చూశాక అంత కాలం అక్కర్లేదనిపించింది. ముగ్గుర్ని ముందుగా ఇళ్ళకి పంపాను. చీటీ నా చేత్తో రాసి ఇచ్చాను, మొదటి వారం రస్కు, రెండో వారంనుంచి రొట్టె అని."

"అమ్మా," అంది ట్రూస్ సన్నగా. అది ఎవరినో పిలిచినట్టు లేదు. "నా వల్లే. నేను ఒక పిల్లని కాపాడుకున్నాననుకున్నా. నా దొంగ అంకెలు చూసి ముగ్గురు పిల్లలకి..." మొహం గోడకి తిప్పేసుకుంది.

హెస్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది కానీ కళ్ళు డాక్టరు మీదనే ఉంచింది. "ముగ్గురూ ఎక్కడెక్కడ?"

"ఒకడు షెల్‌బర్న్. వాడి నాన్న సోమవారం ఉత్తరం రాశాడు, మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయని. భయపడొద్దు, రస్కులు మానొద్దు అని నేనే జవాబు రాశాను." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఒక పిల్ల షీట్ హార్బర్‌లో. ఆ ఇంటి నుంచి కబురు లేదు. మూడోవాడు లియో జిల్లిస్. అయిదేళ్లు. వాడు ఇవాళే వెళ్ళాడు. వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళింది, ఇన్వర్‌నెస్‌కి."

"ఏ బండి?"

"పన్నెండున్నరది."

రైలు వేళలు చెప్పడానికి హెస్టర్‌కి పుస్తకం అక్కర్లేదు. "ట్రూరోకి రెండూ ఇరవై. అక్కడ దిగి కేప్ బ్రెటన్ బండి మారాలి. అది కదిలేది రెండూ యాభైకి." గడియారం చూసింది. రెండూ ముప్ఫై ఒకటి. "వాళ్ళ దగ్గర రస్కులు ఉన్నాయా?"

"వెళ్ళేటప్పుడు పొట్లం కట్టి లియో చేతికి నేనే ఇచ్చాను," అన్నాడు డాక్టరు. "దారిలో తినమని."

మెకాస్కిల్ లేచాడు. ఎందుకు లేచాడో తనకే ముందు తెలిసినట్టు లేదు. టోపీ పెట్టుకున్నాడు. "షెల్‌బర్న్‌కీ షీట్ హార్బర్‌కీ పోలీసు లైన్లో చేస్తా. పిల్లల పేర్లు రాసి ఇవ్వండి డాక్టర్. ఏమని చెప్పను, పిల్లలకి రొట్టె పెట్టొద్దనా? వెర్రివాణ్ణనుకుంటారు నన్ను. పోనీ, అనుకోనీ." కాగితం గుంజుకుని మెట్లు దిగాడు.

హెస్టర్ అప్పటికే ఫోన్ తిప్పుతోంది. "ట్రూరో స్టేషన్ కావాలి. ప్రాణం మీదకి వచ్చిన పని, ముందు కలుపు తల్లీ."

లైను గరగరలాడింది. రెండూ ముప్ఫై ఆరుకి అవతల స్టేషన్ ఏజెంటు పలికాడు. తల్లీ కొడుకూ, పిల్లాడికి అయిదేళ్లు, కేప్ బ్రెటన్ బండికి ఎదురుచూస్తూ ఉంటారని హెస్టర్ గుర్తులు చెప్పింది. అతను రిసీవరు బల్ల మీద పెట్టి వెళ్ళిన చప్పుడు, తలుపు, దూరంగా ఇంజను ఆవిరి. 

రెండూ నలభై ఒకటి. అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది.

"ఉన్నారమ్మా. మీరు కంగారుపడేదేం లేదు, పిల్లాడు హాయిగా ఉన్నాడు. బెంచీ మీద కాళ్ళూపుకుంటూ రస్కు తింటున్నాడు."

"ఎన్నోది?"

"మూడోదనుకుంటా. పొట్లంలో ఇంకో అరడజను ఉన్నాయి."

"వెంటనే లాక్కోండి. చేతిలోదీ, పొట్లంలోదీ, అంతా. వాళ్ళని ఆ బండి ఎక్కనివ్వకండి. ట్రూరో ఆసుపత్రికి పంపండి."

 ఏజెంటు గొంతులో అనుమానం వచ్చింది. "పసివాడి నోటిదగ్గరిది లాక్కోమంటారేమిటమ్మా? వాళ్ళమ్మని అడిగాను, పట్నంలో పెద్ద డాక్టరుగారు స్వయంగా ఇచ్చారు, తినకపోతే నీరసమొస్తుంది అంటోంది. ఆ డాక్టరు మాట కాదనడానికి అసలు మీరెవరు?"

హెస్టర్ జవాబు చెప్పేలోపు డాక్టర్ ప్రింగిల్ చెయ్యి చాచాడు. ఆమె రిసీవరు ఇచ్చేసింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నేను ఏల్డన్ ప్రింగిల్‌ని. ఆ రస్కులు ఇచ్చిన డాక్టర్ని నేనే. మీరు వెళ్ళి మిసెస్ జిల్లిస్‌ని ఫోన్ దగ్గరికి తీసుకురండి, పిల్లాణ్ణి కూడా. నేను ఆమెకి తప్పు చెప్పాను. అది నేనే ఒప్పుకోవాలి, నా నోటితోనే."

బండి కదలడానికి ఎనిమిది నిమిషాలుంది. ఆయన చెవికి రిసీవరు గట్టిగా అదుముకుని, ఆ తల్లి అడుగుల చప్పుడు కోసం వింటూ నిలబడ్డాడు.